ఠాణా ముందట పాత ఇంగ్లీషు

నా గొంతు పెద్దది. ఫోన్లో మాట్లాడితే అవతలివాళ్ళు ఫోన్ చెవికి దూరంగా పట్టుకుంటారు. పెళ్ళిలో ఒకరిని పలకరిస్తే నాలుగు వరుసల వాళ్ళు తిరిగి చూస్తారు. "కాస్త మెల్లగా మాట్లాడండి మేడమ్" అని ఇన్నేళ్ళలో ఎంతమంది చెప్పారో! అందరికీ నా జవాబు ఒకటే. మాట్లాడను. ఏం చేసుకుంటారో చేసుకోండి. ఈ గొంతు నాకు ఊరికే రాలేదు, సిరిసిల్ల సాంచాల మధ్య పెరిగితే వచ్చింది.

సాంచె అంటే మరమగ్గం. ఒక షెడ్డులో పది పన్నెండు సాంచాలు ఒక్కసారి నడుస్తుంటే పక్కన బాంబు పడ్డా వినబడదు. షెడ్డులో పనిచేసేవాళ్ళు చేతులతో, పెదవులతో, కళ్ళతో మాట్లాడుకుంటారు. అప్పటికీ కుదరకపోతే అరుస్తారు. ఆ అరుపే ఇంటికి కూడా వస్తుంది. మా ఇంట్లో "అన్నం పెట్టు" అన్నా వీధి చివరిదాకా వినబడేది. కొత్తగా మా వాడకు వచ్చినవాళ్ళు మేం రోజూ కొట్లాడుకుంటున్నామని అనుకునేవాళ్ళు. కొట్లాడుకునేవాళ్ళం కూడాననుకోండి, అది వేరే సంగతి.

మా వైపు నాన్నను బాపు అంటాం, అమ్మను అవ్వ అంటాం. మా బాపు ఒక సేటు షెడ్డులో సాంచాలు నడిపేవాడు. అవ్వ అదే షెడ్డులో ఒక మూల కూర్చుని సాంచెలో అటూ ఇటూ ఉరికే నాడెలో పెట్టే నూలు కండెలు చుట్టేది. బాపు నోట్లో మాట ఉండేది కాదు. ఇద్దరి వాటా మాటలూ అవ్వే మాట్లాడేది. ఇంటర్ అయ్యాక నేను డిగ్రీలో ఇంగ్లీషు సాహిత్యం చదువుతానంటే అవ్వ చేతిలో కండె పక్కన పడేసింది.

"ఇంగిలీషు సదివి ఏ లాటుసాబుకు బువ్వ వండి పెడుతవే? ఆడివిల్లకు లెక్కలు నేర్పుతె దుకాణంల గల్ల మీదన్న కూసుంటది. గీ ఇంగిలీషు ఏం జేసుకుంటవ్, ఉప్పేసి నాకుతవా?"

బాపు దారం ముడి వేస్తూనే అన్నాడు. "సదువనియ్యి. దాని నోరు, దాని ఇష్టం."

ఆ ఏటికి బాపు మాట్లాడింది అదే అనుకుంటా. నేను జగిత్యాల కాలేజీలో చేరాను. ఆ గ్రూపు అప్పుడు మా ఊళ్ళో లేదు. కోరుట్లలో మా పెద్దమ్మ ఉండేది. అక్కడ ఉండి రోజూ బస్సులో జగిత్యాల పోయి వచ్చేదాన్ని. పెద్దమ్మ ఇంట్లో ఆడవాళ్ళందరూ బీడీలు చుట్టేవాళ్ళు. ఒళ్ళో చాట, చాటలో తునికాకు, తలలు వంచుకుని లెక్కపెడుతూ చుట్టడమే. నేను నోరు తెరిచి పాఠం చదవబోతే పెద్దమ్మ వేలు పెదవి మీద పెట్టుకునేది. "సప్పుడు జెయ్యకే, కట్ట లెక్క తప్పుతది." నాకేమో నోటితో అరిస్తే తప్ప ఒక్క ముక్క తలకెక్కదు. అందుకే చదవాల్సినదంతా మూటగట్టుకుని సెలవులకు సిరిసిల్ల పోయేదాన్ని.

జగిత్యాలలో మాకు పాత ఇంగ్లీషు నాటకాలూ పద్యాలూ చెప్పిన లెక్చరర్ కోస్తా నుంచి వచ్చిన ఆయన. పాఠం చెప్పడంలో వంక పెట్టడానికి లేదు. నల్లబల్ల మీద రెండు గీతలు గీసి, ఒకవైపు ఇప్పటి క్రియలు, ఒకవైపు పాతవి రాసేవాడు. ఇప్పుడు 'యూ ఆర్' అనేది ఒకప్పుడు 'దౌ ఆర్ట్'. 'యూ హ్యావ్' అనేది 'దౌ హాస్ట్'. 'హీ కమ్స్' అనేదాన్ని 'హీ కమెత్' అనేవాళ్ళు. హ్యాజ్ బదులు హాత్, డజ్ బదులు డత్. మాట్లాడాడు అనడానికి ఇప్పటి 'స్పోక్' కాదు, 'స్పేక్'. వీధిలో జనం ఆ మాటలు వదిలేశాక కూడా కవులు వదలలేదట. రాజు శాసనం చెయ్యాలన్నా, భక్తుడు దేవుడికి మొరపెట్టుకోవాలన్నా, ప్రియుడు బతిమాలాలన్నా ఆ పాత క్రియలే కావాలట.

'దౌ' గురించి ఆయన చెప్పిన రోజు నేను బెంచీ మీద నిటారుగా కూర్చున్నాను. పాత నాటకాల్లో పెద్దవాళ్ళను యూ అంటారు. నౌకరును దౌ అంటారు. పిల్లలను దౌ అంటారు, దేవుణ్ణీ దౌ అంటారు. ఎప్పుడూ యూ అనే మనిషి ఒక్కసారి దౌ అన్నాడంటే ప్రేమైనా పుట్టి ఉండాలి, కోపమైనా పుట్టి ఉండాలి. క్లాసులో మిగతావాళ్ళు ఇది ఎట్లా గుర్తుపెట్టుకోవాలని తల పట్టుకున్నారు. నాకు గుర్తుపెట్టుకోవడానికి ఏముంది? మా వాడలో దేవుణ్ణి నువ్వంటాం, అవ్వను నువ్వంటాం, కుక్కను నువ్వంటాం. సేటును నువ్వు అన్ననాడు మాత్రం పని పోతుంది.

ఒకరోజు కాలేజీకి ఆలస్యంగా వచ్చాను. ఎందుకని అడిగాడు సారు.

"మేడిపల్లి కాడ పోలీసోళ్ళు బస్సాపిండ్రు సార్. అందర్ని దించి సంచులు చూసిండ్రు."

"ఆపిండ్రు ఏమిటమ్మా, ఆపారు అనాలి. ఇంగ్లీషు లిటరేచర్ స్టూడెంటువి, నీ నోట్లో ఇంత మోటు తెలుగేమిటి?"

క్లాసంతా నవ్వింది. నాకు చెవులదాకా మంట లేచింది. "సార్, కమెత్, గోయెత్ అంటె చెవులకు ఇంపుగ ఉంటదని మొన్న మీరే చెప్పిండ్రు. అవి ఆ దేశంల ఇప్పుడు ఎవ్వలు మాట్లాడరు. నా 'ఆపిండ్రు' ఈ బజారుల అందరు మాట్లాడుతరు. సచ్చిన మాటకు దండలు, బతికున్న మాటకు దెబ్బలా?"

ఈసారి క్లాసు నవ్వలేదు. సారు "నోరు గట్టిదే" అని పాఠంలోకి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత ఆయన నా తెలుగు జోలికి రాలేదు. ఇప్పుడు మీ కోసం వచ్చాడు, పోయాడు అని అచ్చు తెలుగులో రాస్తున్నానంటే అది నా చేతి అలవాటు. నోటికి ఆ అలవాటు ఇవాళ్టికీ కాలేదు.

చివరి ఏడాది పరీక్షల ముందు సెలవులిచ్చారు. సిరిసిల్ల వచ్చి షెడ్డులో బాపు సాంచాల సందున, ఖాళీ నూలు పెట్టె మీద నిలబడి చదవడం మొదలుపెట్టాను. సాంచె నడక ఒక తాళం. నాడె ఇటు పోతే ఒక దెబ్బ, అటు పోతే ఒక దెబ్బ. 'గోస్' అంటే ఒక దెబ్బకు సరిపోతుంది, 'గోయెత్' అంటే రెండు దెబ్బలు పడతాయి. పద్యపాదంలో ఒక దెబ్బ తక్కువైన చోట కవులు పాత క్రియను పట్టుకొచ్చి ఎందుకు నిలబెట్టేవాళ్ళో నాకు క్లాసులో కాదు, అక్కడ తెలిసింది. దౌ ఆర్ట్, దౌ వాస్ట్, దౌ హాస్ట్, దౌ డస్ట్, దౌ విల్ట్, దౌ షాల్ట్ అని గొంతు చించుకుని అరిచేదాన్ని. అవ్వ మూలనుంచి తలకొట్టుకునేది. "గా హాస్టు, డస్టుతోని బువ్వ అస్తదాయే? దుమ్ము నోట్లకు పోతది, నోరు ముయ్యి!"

అయితే షెడ్డులో మిగతా మగవాళ్ళకు ఇది తమాషాగా ఉండింది. ఆ ఏళ్ళలో మా వైపు పాట అంటే ఒకరు ఎత్తుకోవాలి, పదిమంది అందుకోవాలి. పెళ్ళి కాడా అంతే, చావు కాడా అంతే, మీటింగు కాడా అంతే. ఎవరైనా గొంతెత్తితే కోరస్ అందుకోకుండా ఉండడం మావాళ్ళకు చేతకాదు. మూడోనాడో నాలుగోనాడో నేను "దౌ" అనగానే పక్క సాంచె మీది అన్న "ఆర్ట్!" అన్నాడు. ఆ మధ్యాహ్నానికి షెడ్డంతా అందుకుంది. నేను దౌ అంటే వాళ్ళు షాల్ట్ అనడం! అర్థం ఎవరికి కావాలి? పని అలుపు తెలియకుండా సాగుతోంది. బాపు మాత్రం అనేవాడు కాదు. కాని దారం తెగినప్పుడు ముడి వేస్తూ తలాడించేవాడు.

ఆ వేసవిలోనే కూలి రేటు పెంచాలని సాంచాల పనివాళ్ళు అడుగుతున్నారు. పల్లెల్లో రాత్రుళ్ళు అన్నలు, అంటే నక్సలైట్లు, వచ్చి పోతున్నారని, పగలు పోలీసులు వచ్చి పోతున్నారని ఊరంతా గుసగుస. అడవిలో ఉన్నవాళ్ళు చేతికి దొరకరు కదా, అత్త మీది కోపం దుత్త మీద చూపినట్టు పోలీసులు వాడల మీద పడేవాళ్ళు. ఒకరోజు జీపు మా గల్లీలోంచి పోతుంటే షెడ్డులోంచి మగవాళ్ళ కోరస్ వినబడింది. ఏ భాషో తెలియని కోరస్. ఆ రోజుల్లో పదిమంది మగవాళ్ళు ఒక్క గొంతుతో ఏదన్నా అన్నారంటే పోలీసులకు దానికి ఒకటే అర్థం, నినాదం.

ఎవరో మెయిన్ ఆపేశారు. సాంచాలన్నీ ఒక్కసారి ఆగిపోయాయి. ఆ నిశ్శబ్దంలో నా గొంతు ఒక్కటే "దౌ షాల్ట్" అంటూ షెడ్డు కప్పుకు తగిలింది. తిరిగి చూస్తే గుమ్మంలో ఎస్సై, వెనక తుపాకులు.

"ఎవడ్రా లీడరు?"

అందరి కళ్ళూ నా వైపే తిరిగాయి పాపం, దాచుకోవడం వాళ్ళకు రాదు.

"నేనే సార్. పరీచ్చకు చదువుకుంటున్న."

ఎస్సై నా జడ చూశాడు, చేతిలో పుస్తకం చూశాడు. "పరీచ్చకు పన్నెండు మంది అరుస్తరా? ఏం నినాదమే అది? ఎవలు నేర్పిండ్రు? దీని తండ్రి ఎవడు?"

బాపు సాంచె వెనకనుంచి ముందుకు వచ్చాడు. నోరు తెరవకముందే చెంప మీద పడింది. ఆ చప్పుడు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. బాపును జీపెక్కించారు. నేను పుస్తకం పట్టుకుని జీపు వెనకాల ఠాణాదాకా ఉరికాను. వెనక అవ్వ అరుపు వినబడుతూనే ఉంది. "నేను చెప్పిన గదనే! గీ సదువు మన కొంప ముంచుతదని చెప్పిన గదా!"

ఠాణాలో ఎస్సై నా పుస్తకం బల్ల మీద పెట్టి పేజీలు తిప్పాడు.

"ఇది ఇంగ్లీషా?"

"ఇంగ్లీషే సార్. మూడు నాలుగు వందల ఏండ్ల కిందటిది."

"నేను డిగ్రీ చదివిన. నాకు గీ హాత్, డత్ ఏడ కనబడలే. కోడ్ భాష లెక్కున్నది."

"మీ సిలబస్‌ల లేకుంటె కోడ్ అయితదా సార్? యూనివర్సిటీ వాళ్ళే పెట్టిండ్రు. వాళ్ళను గుడ పట్టుకొస్తరా?"

బాపు నా వైపు చూసి చిన్నగా తల అడ్డంగా ఆడించాడు. ఊకో బిడ్డా అని. అప్పుడు ఊరుకున్నాను. అది ఊరుకోవాల్సిన చోటని నాకూ తెలుసు. ఆ ఏళ్ళలో ఠాణాకు పోయిన మనిషి నడిచి వస్తాడో, మోసుకొస్తారో ఎవరూ చెప్పలేకపోయేవాళ్ళు. భయం ఉన్నప్పుడు నోరు మూసుకోవడం కొందరి పద్ధతి, నోరు లేవడం నా పద్ధతి.

సాయంత్రానికి బాపును వదిలారు. కాని ఒక మెలిక పెట్టారు. ప్రతి ఆదివారం తండ్రీ కూతురూ ఇద్దరూ ఠాణాకు వచ్చి పొద్దున్నుంచి సాయంత్రందాకా ముందట కూర్చోవాలి. దాన్ని హాజరు అనేవాళ్ళు. ఒక్క ఆదివారం ఇద్దరిలో ఒకరు తక్కువైనా బాపును లోపల వేస్తానన్నాడు. వేస్తే ఎప్పుడు బయటికి తెస్తారో, ఏ కేసు తగిలిస్తారో అడిగే దిక్కు లేదు.

పోయాం. ఠాణా ముందు నీడలేని నేల. అక్కడ మాకంటే ముందునుంచీ హాజరు ఇస్తున్నవాళ్ళు ఉన్నారు. అన్నల్లో కలిసిపోయిన పిల్లల తల్లులు, తమ్ముళ్ళు. ఎవరూ ఎవరితోనూ మాట్లాడరు. ఎండ ఎక్కేకొద్దీ కొంగులు తల మీదికి లాక్కోవడం తప్ప కదలిక లేదు. మొదటి ఆదివారం నేనూ అట్లాగే కూర్చున్నాను. రెండో ఆదివారం నాకు ఒళ్ళు మండిపోయింది. పరీక్షలు దగ్గరికొస్తున్నాయి. రోజంతా మట్టిలో గీతలు గీస్తూ కూర్చోవడానికి నేనేం తప్పు చేశాను? సంచిలోంచి పుస్తకం తీసి మొదలుపెట్టాను. నా గొంతుతో. సాంచాలు నడుస్తున్నప్పుడు ఎంత గొంతో అంత గొంతుతో.

కానిస్టేబుల్ ఉరికొచ్చాడు. "ఏయ్ పిల్లా! మెల్లగ చదువుకోరాదు?"

"మెల్లగ చదివితె కోడ్ అంటరు సార్. అందరికి వినబడెటట్టు చదివితెనే నిజం తెలుస్తది."

"చెవులు పగులుతున్నయ్!"

"మేం రోజు గిదే చప్పుడుల బతుకుతం. మా చెవులు పగలలే."

అతను లోపలికి పోయాడు. కిటికీలోంచి ఎస్సై చూశాడు. చదవొద్దని అతను అనలేదు, నా పుస్తకం కోడ్ భాష అని తానే అన్నాడు కదా, దాన్నే అందరి ముందూ బయటికి చదువుతుంటే ఆపలేక ఆ మాటకు తానే చిక్కుకున్నాడు. ఆ తర్వాత ప్రతి ఆదివారం చదివాను. తన రాజును నిలదీసే సేవకుడి మాటలు చదివాను. కొడుకు పోయిన తల్లి దేవుణ్ణి దౌ అని దూషించే మాటలు చదివాను. మట్టిలో కూర్చున్న తల్లులకు ఒక్క ముక్క అర్థం కాలేదు. అయినా కొందరు నా వైపు జరిగి కూర్చునేవాళ్ళు. నా డిగ్రీ చదువులో సగం ఠాణా ముందట జరిగిందని నేను గర్వంగానే చెప్పుకుంటాను. సిగ్గుపడాల్సింది నేను కాదు.

పరీక్షలు మొదలయ్యాయి. కోరుట్లలో ఉండి రాస్తూ, ఆదివారానికి సిరిసిల్ల వచ్చి హాజరిచ్చి పోతున్నాను. సరిగ్గా పాత సాహిత్యం పేపరు నాడు బంద్‌కు పిలుపిచ్చారు. బస్సులు లేవు, పరీక్ష లేదు. వాయిదా వేసి మళ్ళీ ఎప్పుడు పెట్టారో తెలుసా? ఆదివారం.

పేపర్లో ఆ వార్త చూసి నేరుగా ఎస్సై దగ్గరికి పోయాను. ఒక్క ఆదివారం నన్ను వదిలిపెట్టండి, బదులుగా సోమవారం, మంగళవారం కూర్చుంటానని బతిమాలాను. అవును, బతిమాలాను. అతను ముఖం కూడా ఎత్తలేదు.

"ఐతారం అంటె ఐతారమే. రాకుంటె ఏమైతదో చెప్పిన గద. పరీచ్చ మల్ల యాడాది రాసుకో."

మళ్ళీ యాడాది అనేది మా ఇంట్లో లేదు. ఈ ఏడు పాసైతే పై చదువుకు పోవచ్చు, బడిలో టీచరు కావచ్చు. కాకపోతే అవ్వ పక్కన ఇంకో రాట్నం వేసుకుని కండెలు చుట్టాలి. అట్లాగని పరీక్షకు పోతే బాపు లోపలికి పోతాడు. ఆ రాత్రి ఇంట్లో అన్నం ఎవరికీ దిగలేదు.

"నేను పోను బాపూ. పరీచ్చ పోతె పోనియ్యి."

"నువ్వు పో బిడ్డా." బాపు ఇంకే వివరమూ చెప్పలేదు.

"నిన్ను కొడుతరు."

"కొట్టనియ్యి."

"కొట్టనియ్యి అంటవా? నిన్ను కొడుతుంటె నేను జగిత్యాలల కూసోని దౌ ఆర్ట్ అని రాయాల్నా?" నాకు ఏడుపు ముంచుకొచ్చింది. కోపం కూడా. ఎవరి మీదో తెలియని కోపం.

అప్పటిదాకా అవ్వ మాట్లాడలేదు. అదే వింత. నా చదువును మొదటిరోజు నుంచీ తిట్టిన మనిషి, ఇప్పుడు 'చూసినవా నేను చెప్పలే' అంటుందని కాచుకుని ఉన్నాను. అవ్వ చేతులు కడుక్కుని కొంగుతో తుడుచుకుంది.

"వానికి ఇద్దరు గావాలె, గంతే గద? ఇద్దరం పోతం."

"ఎవలు?"

"నేను, మీ బాపు."

"నువ్వా? ఠాణాకా?" అవ్వ ఠాణా ఉన్న సడకు మీద నడవాల్సి వస్తే అవతలి పక్కనుంచి పోయే మనిషి.

"ఏం, ఠాణాకు మీ అసొంటి సదువుకున్నోళ్ళే పోవాల్నా? నోరు ముయ్యి. నీ పుస్తకం ఒకటి ఇచ్చి పో. ఊకె కూసుంటె వానికి అలుసైతం."

శనివారం కోరుట్ల బస్సెక్కాను. ఆదివారం పొద్దున జగిత్యాలలో పరీక్ష హాల్లో కూర్చున్నాను. ప్రశ్నాపత్రం చూశాను. పాత క్రియారూపాలు ఆనాటి నాటకాల్లో ఏ పని చేశాయో ఉదాహరణలతో రాయమన్నారు. నా కళ్ళకు ఠాణా బల్లకు అటుపక్క ఎస్సై, ఇటుపక్క బాపు కనబడ్డారు. అతను బాపును 'ఏంరా' అంటాడు, బాపు అతన్ని 'సార్' అంటాడు. రాశాను. తలవంచుకున్నవాడు ఏలేవాడిని మొదటిసారి దౌ అన్నప్పుడు నాటకంలో ఏం విరిగిపోతుందో రాశాను. కలం కాగితంలోకి దిగబడింది. అదనపు కాగితాలు రెండుసార్లు అడిగి తీసుకున్నాను. మధ్యలో ఒకసారి ఆగి, ఇప్పుడు అక్కడ ఏం జరుగుతోందో అనుకుని కళ్ళు తుడుచుకున్నాను. మళ్ళీ రాశాను. ఏడిస్తే వాడు గెలిచినట్టు.

తిరుగు ప్రయాణంలో మల్యాల దగ్గర బస్సాపి తనిఖీ చేశారు. దిగండి, ఎక్కండి, సంచి విప్పండి. నా సంచిలో హాల్ టికెట్టు, కలం, పెద్దమ్మ కట్టిచ్చిన మక్కగారెలు. సిరిసిల్లలో దిగేసరికి పొద్దు గూకుతోంది. బస్టాండునుంచి ఠాణాకు పరుగెత్తాను. ముందట నేల ఖాళీ. బాపు లేడు, అవ్వ లేదు, మిగతా తల్లులు కూడా లేరు. గేటు దగ్గర అదే కానిస్టేబుల్ ఉన్నాడు.

"మా బాపు ఏడి? లోపలేసిండ్రా?"

"మీ అవ్వనా గామె?" అతను రెండు చేతులూ చెవుల మీద పెట్టుకున్నాడు. "తీస్కపొమ్మన్నం తల్లీ. అందర్ని పొమ్మన్నం. నువ్వే నయం. ఇంటికి పో."

ఇంటికి ఎట్లా పోయానో తెలియదు. అవ్వ మంచం మీద పడుకుని ఉంది. భుజం మీద కొంగు కప్పుకుంది. కొంగు పక్కకు తీస్తే లాఠీ వాత నల్లగా కమిలి ఉంది. బాపు పసుపు వేడిచేసి తెస్తున్నాడు. నా నోట్లోంచి వచ్చిన తిట్టు ఇక్కడ రాయను. రాసినా అచ్చు వెయ్యరు.

జరిగింది బాపే చెప్పాడు. బాపు అన్ని మాటలు ఒక్కసారి మాట్లాడడం అదే మొదలు, అదే ఆఖరు.

"ఎస్సై వచ్చి పిల్ల ఏది అన్నడు. పరీచ్చకు పోయింది అన్నది మీ అవ్వ. ఎవని పర్మిషన్ తోని పోయిందన్నడు. నా పర్మిషన్, నేను కన్న అన్నది. లాఠీ ఎత్తి ఒక్కటేసిండు. నేను లేస్తుంటె నన్ను కూసోమన్నది. పుస్తకం తీసింది. తలకిందులు వట్టుకున్నది. వట్టుకోని మొదలువెట్టింది బిడ్డా. దౌ ఆర్టు, దౌ షాల్టు అని."

"అవ్వకు అంత వస్తదా?"

"ఏడొస్తది? రెండు నిమిషాలల్ల అయిపోయింది. ఇగ అదే రాగంల మన మాట ఎత్తుకున్నది. నా బిడ్డ ఏం జేసింది? అన్నది. పక్కపొంటి ఉన్నోళ్ళు ఏం జేసింది అని అందుకున్నరు. నా మొగడు ఏం జేసిండు? ఏం జేసిండు? గట్ల నడిసింది. ఇగ జూడు, ఒక ముసలామె లేసి నిలవడ్డది. యాడాదాయె ఆమె ఆడ నోరిప్పక. నా కొడుకు ఏడున్నడు? అన్నది. అందరు అందుకున్నరు. ఏడున్నడు? ఏడున్నడు? సడకు మీద పోయెటోళ్ళు ఆగిండ్రు. ఎస్సై బయటికొచ్చి ఆగుండ్రి అన్నడు. ఎవ్వలాగలే. మీ అవ్వ ఆయన ముఖంలకు చూసుకుంటనే, నువ్వు చెప్పు కొడుకా, ఏడున్నడు అన్నది. ఆయన లోపలికి పోయిండు. జర సేపటికి అందర్ని ఇంటికి పొమ్మని చెప్పి పంపిండు."

బాపు పసుపు గిన్నె నా చేతికిచ్చాడు. రేపు వాళ్ళు ఏం చేస్తారో ఆయనకూ తెలియదు, నాకూ తెలియదు. ఆ ముసలామె కొడుకు ఎక్కడున్నాడో ఆనాడూ ఎవరూ చెప్పలేదు, ఆ తర్వాతా చెప్పలేదు.

నేను మంచం పక్కన కూర్చుని వాత మీద పసుపు పెట్టాను. అవ్వ ఏదో అనబోయింది. మాట బయటికి రాలేదు. గొంతు పూర్తిగా పోయింది. చెవి దగ్గరికి రమ్మని వేలితో పిలిచింది. వంగాను.

"ఎట్ల రాసినవే?"

"మంచిగ రాసిన అవ్వా."

"పాసైతవా?"

"అయిత."

అవ్వ కళ్ళు మూసుకుంది. నిద్రపోయిందనుకుని లేవబోతే చెయ్యి పట్టుకుని మళ్ళీ వంచింది.

"అట్లయితె ఇంకో పుస్తకం ఇచ్చి పో. వచ్చే ఐతారం గుడ నేనే పోత."